తిరిగి చెప్పండి, డాక్టరుగారూ

పోయినవారం మనం ఆసుపత్రి మందుల గది కిటికీ దగ్గర ఆగాం. పెద్ద డాక్టరుగారి భార్య రెండోసారి కూడా ఉత్త చేతులతో వెనుదిరిగింది. చీటీలో తప్పుంది, మందు ఇవ్వడం కుదరదని చెప్పి పంపింది మన భూతద్దం. అది ఆమె అసలు పేరు కాదులెండి. మందుల గదికి ఇన్‌చార్జి ఆమే. చీటీలో చుక్క తేడా వచ్చినా పట్టేస్తుందని ఆసుపత్రంతా కలిసి పెట్టిన పేరది. నాలుగేళ్ళ కిందట ఆమె చెల్లెలు ఎముకల్లోకి పాకిన కాన్సర్‌తో పంతొమ్మిది రోజులు కేకలు పెట్టి పెట్టి పోయింది. మార్ఫిన్ రాయండి మహాప్రభో అని అక్క కాళ్ళావేళ్ళా పడినా పెద్ద డాక్టరు రాయనన్నాడు. ఇప్పుడు ఆయన రిటైరయ్యాడు. అదే జబ్బు ఆయన నడుములో మకాం పెట్టింది. అదే మందు కోసం చీటీ ఆమె కిటికీలోకే వచ్చింది. ఓడలు బళ్ళు కావడమంటే ఇదే.

ఇంతకీ చీటీలో తప్పేమిటంటారా? మార్ఫిన్ లాంటి మందుకు ఒక నియమం ఉంది. మొత్తం ఎంత ఇవ్వాలో అంకెల్లో రాసి, పక్కనే అక్షరాల్లోనూ రాయాలి. అంకె పక్కన ఒక సున్నా చేర్చడం ఎవరికైనా చేతనవుతుంది గాని, అక్షరాలను దిద్దడం అంత తేలిక కాదు. కుర్ర డాక్టరు మొదటి చీటీలో అక్షరాలు మరిచిపోయాడు. రెండో చీటీలో అక్షరాలు రాసి తేదీ మరిచిపోయాడు. అతను పెద్ద డాక్టరు శిష్యుడే. మూడేళ్ళు ఆయన వెనకాల తిరిగినా మార్ఫిన్ చీటీ ఒక్కటంటే ఒక్కటి చూసి ఎరగడు. గురువు రాస్తే కదా శిష్యుడు నేర్చుకునేది!

ఫోన్ తీసి, "బాబూ, ఒకసారి కిందికొచ్చి తేదీ వేసి వెళ్ళు" అంటే పది నిమిషాల్లో తేలిపోయే పని. ఇంకెవరి చీటీ అయినా భూతద్దం అదే చేసేది. ఈ చీటీకి చెయ్యలేదు. నియమం తన పక్షాన ఉంది, అడిగేవాడు లేడు. అలా రెండు రోజులు ఆయన్ని నొప్పిలో ఉంచింది. ఆ రెండు రాత్రులూ ఆమెకు హాయిగా నిద్రపట్టింది. అయ్యో అంత కక్షా అనుకునేవాళ్ళు ఆ పంతొమ్మిది రోజులూ ఆ ఇంట్లో లేరు.

మూడో చీటీలో తప్పు లేదు. బల్ల మీద పరిచి రెండుసార్లు వెతికింది. అంకెలున్నాయి, అక్షరాలున్నాయి, తేదీ ఉంది, సంతకం ఉంది. ఇక ఆమె చేతిలో మిగిలింది ఒకే ఒక్కటి. ఈ మందు మొదటిసారి ఇచ్చేటప్పుడు దాని సంగతులన్నీ రోగికి గాని, ఇంట్లో చూసుకునేవాళ్ళకు గాని కూర్చోబెట్టి చెప్పాలి. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అలా చెప్పించుకున్నాకే మందు చేతికివ్వాలి. "ఇంట్లోవాళ్ళకు గాని" అన్న ముక్క భూతద్దం డాక్టరుగారి భార్యకు చెప్పలేదు.

"ఆయన్నే తీసుకురండమ్మా. ఆయనే చెప్పాలి" అంది.

అలా వచ్చాడు పెద్ద డాక్టరు, మధ్యాహ్నం రెండు దాటాక, చక్రాల కుర్చీలో. మందుల గది పక్కనున్న చిన్న గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు, చేతులు కడుక్కునే తొట్టి, గోడ గడియారం. కుర్చీ కాళ్ళపట్టీ గుమ్మానికి కొట్టుకుంది. ఆ కుదుపుకే ఆయన కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టాడు. ఒకప్పుడు ఆయన నడవాలో అడుగుపెడితే నర్సులు గోడకు అతుక్కుపోయేవాళ్ళు. ఇప్పుడు చొక్కా కాలరులో మెడ పక్కన ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది.

"మీరు బయట కూర్చోండమ్మా" అంది భూతద్దం ఆయన భార్యతో.

"నేనూ వింటానమ్మా. ఇంట్లో వేసేదాన్ని నేనే కదా."

"మీకు తర్వాత విడిగా చెప్తాను. ముందు ఆయన."

తలుపు మూసింది. సిరప్ సీసా తెచ్చి బల్ల మీద, ఆయనకు సరిగ్గా చెయ్యందనంత దూరంలో పెట్టింది. ఆయన చూపు సీసా మీద పడి అక్కడే ఉండిపోయింది. ఆ చూపు కోసమే ఆమె నాలుగేళ్ళు కాచుకుంది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు.

"ఎక్కడికి పోతాను డాక్టరుగారూ? నేను చెప్తాను, మీరు మీ మాటల్లో తిరిగి చెప్పాలి."

"నాకు చెప్తావా? ముప్ఫై అయిదేళ్ళు వైద్యం చేశాను."

"ఈ మందుతో చెయ్యలేదు కదా."

ఆమె మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, తొందరపడలేదు, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"మీ నొప్పి ఎముకలో పుడుతోంది. నరాల వెంట వెన్నుపాములోకి, అక్కణ్ణుంచి మెదడుకి దాని కబురు వెళ్తోంది. ఈ మందు జబ్బు జోలికి పోదు. వెన్నులోనూ మెదడులోనూ కొన్ని తలుపులుంటాయి. నొప్పిని అణచడానికి మన ఒంట్లోనే కొన్ని రసాయనాలు పుడతాయి చూడండీ, వాటికోసం ఉన్న తలుపులవి. మార్ఫిన్ వెళ్ళి వాటిలో కూర్చుంటుంది. కబురు దారిలోనే నీరసపడిపోతుంది. తిరిగి చెప్పండి."

"నొప్పి కబురు... వెన్నులో..." ఆయన ఆగాడు. నడుములోంచి ఏదో పైకి తన్నుకొచ్చింది. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. "వెన్నులో, మెదడులో ఆపుతుంది. జబ్బు అలాగే ఉంటుంది."

"ఎప్పుడు వేసుకోవాలి?"

"నొప్పి వచ్చినప్పుడు."

"తప్పు" అంది. ఆ మాట అనడంలో ఉన్న తీపి ఆమె నాలుక మీద కాసేపు నిలిచింది. "నొప్పి వచ్చేదాకా ఆగితే దాన్ని పట్టుకోవడం కష్టం. గడియారం చూసి వేసుకోవాలి. మీ చీటీలో నాలుగు గంటలకోసారి అని ఉంది. మధ్యలో పొడుచుకొస్తే దానికి వేరే మోతాదు రాసి ఉంది. అది కూడా రాసినంతే. మీ అంతట మీరు పెంచకూడదు. తిరిగి చెప్పండి."

చెప్పాడు. విరేచనం బిగుసుకుపోతుంది, దానికిచ్చిన మందు ఒక్కరోజు కూడా మానకూడదని చెప్పింది. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా, వికారంగా ఉంటుందని చెప్పింది. లేపినా లేవకపోతే, ఊపిరి బాగా మందగిస్తే, కంటిపాప గుండుసూది మొనంత అయిపోతే, మోతాదు మించినట్టే, ఆ క్షణమే ఆసుపత్రికి రావాలని చెప్పింది. సీసాకు తాళం వెయ్యాలని, ఇంకొకరికి చుక్క కూడా పొయ్యకూడదని చెప్పింది. ప్రతిదీ ఆయన తిరిగి చెప్పాడు. నుదుటి మీద చెమట కనుబొమల్లోకి దిగింది. గడియారంలో పదిహేను నిమిషాలు గడిచాయి. వేరే రోగికైతే అయిదు నిమిషాల్లో ముగించేది.

అప్పుడు అడిగింది, అసలు ప్రశ్న.

"అలవాటవుతుందా, డాక్టరుగారూ?"

ఆయన తలెత్తాడు. ఇద్దరికీ ఒకే నడవా గుర్తొచ్చింది. అటూ ఇటూ నర్సులు, కుర్ర డాక్టర్లు, స్ట్రెచర్ తోసేవాళ్ళు. మధ్యలో ఈమె, చెల్లెలి కాగితాలు గుండెకు అదుముకుని. "నొప్పికి మనిషి చావడమ్మా, అలవాటుకి చస్తాడు. మందుల గదిలో పనిచేస్తావు, ఆమాత్రం తెలీదా?" అని ఆయన అంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పుడు ఆమె నడుముకు మార్ఫిన్ బీరువా తాళంచెవి వేలాడుతోంది. మందు గోడకవతల, ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. చీటీ లేదు. దొంగతనం చేసే ధైర్యం ఆమెకు లేకపోయింది. దాని కోసం తనను తాను తిట్టుకోని రోజు లేదు.

"చెప్పండి. అలవాటవుతుందా?"

"ఒళ్ళు అలవాటుపడుతుంది" అన్నాడు మెల్లగా. "అందుకే ఒక్కసారిగా ఆపకూడదు, తగ్గించుకుంటూ రావాలి. అది వ్యసనం కాదు. ప్రమాదం లేదనను. కానీ ఇలాంటి నొప్పికి, సరైన మోతాదులో, కనిపెట్టుకుంటూ ఇస్తే... ఆ భయంతో మందు ఆపకూడదు."

"వినబడలేదు. గట్టిగా."

"ఆ భయంతో మందు ఆపకూడదు!"

"మూడు వారాల్లో పోయే మనిషికి అలవాటైతే ఏమవుతుంది డాక్టరుగారూ?"

ఆయన మళ్ళీ సీసా వైపు చూశాడు.

"ఏమీ కాదు."

"ఇంకోసారి."

"ఏమీ కాదమ్మా. ఏమీ కాదు. ఇక ఇవ్వు."

గెలిచింది. నాలుగేళ్ళుగా మనసులో ఎన్నోసార్లు ఆడించుకున్న ఆట ఇది. నడవాలో నవ్విన నోళ్ళన్నీ తిరిగొచ్చి వింటే ఇంకా బాగుండేది. అయినా కడుపు చల్లబడింది. సీసా మూత మీద చెయ్యి వేసింది.

"మీ చెల్లెలికి రాశాను" అన్నాడు ఆయన.

చెయ్యి ఆగింది.

"ఏమన్నారు?"

"రాశాను. నువ్వు అడిగిన తర్వాత, మూడు రోజులకి. పది రోజులకు సరిపడా రాశాను. అంకెల్లో, అక్షరాల్లో."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కాటికి కాళ్ళు చాచుకుని కూడా ఈ మనిషికి బొంకడం మానబుద్ధి కాలేదు!

"సిగ్గుందా మీకు?" అంది. మీరు అన్న మర్యాద అలవాటు కొద్దీ మిగిలింది గాని, గొంతులో లేదు. "సీసా కోసం ఇంత కథ అల్లుతారా?"

"కథ కాదు."

"నొప్పిలో ఉన్న మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు, ఏదైనా కల్పిస్తాడు. నేను చూశాను. మా చెల్లి తను చెయ్యని తప్పులకి కూడా గోడకు దణ్ణాలు పెట్టింది, ఆపమని." మూత తిప్పింది. సూది లేని సిరంజితో చీటీలో ఉన్నంత తీసి, వెలుతురుకు పట్టి గీత చూసి, ఆయన నోటికందించింది. "మింగండి. జాలిపడి ఇస్తున్నాననుకోకండి. నొప్పి తగ్గాక ఇదే మాట మళ్ళీ చెప్పాలి మీరు. అప్పుడు మారితే, ఈ గదిలోంచి ఎలా బయటికెళ్తారో చూస్తాను."

మింగాడు. చేదుకు మొహం చిట్లించాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

నోటి ద్వారా వేసిన మార్ఫిన్ పనిచెయ్యడానికి అరగంట పడుతుంది. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఆయన భుజాలు చెవుల దగ్గర్నుంచి కొంచెం కిందికి దిగాయి. కుర్చీ చేతిని పట్టిన వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. చేతిలోకి రక్తం తిరిగొచ్చింది. బిగబట్టిన ఊపిరి నిండుగా వచ్చింది. నొసటి మీది ముడత విప్పుకుంది. చివరికి ఆయన కుర్చీ వెనక్కి ఆనుకుని, గోడ గడియారం వైపు, ఊరికే, మామూలు మనిషి చూసినట్టు చూశాడు.

ఆమె అది చూడలేకపోయింది. ఇంతేనా? ఇంత తేలికా? తువ్వాలు కొరికి కొరికి చిగుళ్ళు చీరుకుపోయిన చెల్లెలి మొహం కూడా ఇలాగే విప్పుకునేది కదా! అరగంటలో, ఇంత సిరప్‌తో. నాలుగేళ్ళలో ఎన్నో సీసాలు ఇచ్చింది గాని, మొదటి మోతాదు పనిచెయ్యడం పక్కన కూర్చుని ఎన్నడూ చూడలేదు. శత్రువు ముందు ఏడవకూడదని లేచి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది.

"ఇప్పుడు చెప్పండి" అంది వెనక్కి తిరక్కుండానే.

"రాశాను" అన్నాడు. గొంతు మారింది, వణుకు లేదు. "నువ్వు అడిగినరోజు అందరి ముందూ నిన్ను అలా అన్నాను. మూడో రోజు మీ చెల్లెలి భర్త వచ్చాడు. వార్డు చివర నా గదికి. నా కాళ్ళ మీద పడ్డాడు. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి నాకు తల వంచడం తేలికైంది. చీటీ రాసి అతని చేతికిచ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నడవాలో నవ్వించినవాణ్ణి, నడవాలోకి వచ్చి తప్పయిందని ఎలా చెప్పను? అతనే చెప్తాడనుకున్నాను. తర్వాత ఆ పిల్ల చివరిదాకా అరుస్తూనే పోయిందని తెలిసింది. మందు వేసినా లొంగలేదనుకున్నాను. వేసి కూడా లాభం లేని మందు ఎందుకని, ఆ తర్వాత ఎవరికీ రాయలేదు."

భూతద్దం తువ్వాలుతోనే గిరుక్కున వెనక్కి తిరిగింది. చెల్లెలి భర్త! మరిది! పంతొమ్మిది రోజులూ చెల్లెలి కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నవాడు. ఆ పిల్ల పోయాక దిక్కులేనివాడైపోయాడని ఆమె జాలిపడి, తమ పైవాటాలో ఉండమన్నది. నాలుగేళ్ళుగా ప్రతి సాయంత్రం ఆమె వడ్డిస్తే తింటున్నాడు. డాక్టరుగారిని ఎప్పుడు తిట్టినా ఆమెకంటే ఒకాకు ఎక్కువే తిట్టేవాడు.

"అబద్ధం" అంది. కానీ ఈసారి ఆ మాటకు బలం లేదు.

"మీ దగ్గర పుస్తకం ఉంటుంది కదా" అన్నాడు ఆయన.

ఉంటుంది. మార్ఫిన్ ఒక్క చుక్క బయటికి వెళ్ళినా రిజిస్టరులో ఎక్కాలి. పాత రిజిస్టర్లు ఏడేళ్ళు దాచాలి. వాటిని మందుల గది గుమ్మం దాటించకూడదు. లోపల కింది అరలో, అట్టపెట్టెల వెనక ఉన్నాయవి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెలు పక్కకు లాగింది. ఆ సంవత్సరం, ఆ నెల. ఆసుపత్రివాళ్ళు చెల్లెల్ని ఇంటికి పంపేసిన తేదీ ఆమెకు కంఠతా వచ్చు. అక్కణ్ణుంచి వేలుతో లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఆరో రోజు.

పేజీ మధ్యలో చెల్లెలి పేరు కనబడింది. మార్ఫిన్ సిరప్, పది రోజులకు. రాసినది పెద్ద డాక్టరు. ఇచ్చిన సమయం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తీసుకున్నవారి గళ్ళో మరిది సంతకం. పైవాటా అద్దె కాగితం మీద చూసింది కదా, పొరపాటు పడే అవకాశమే లేదు.

ఒంటిగంటన్నర. ఆ రోజుల్లో ఒంటిగంట నుంచి రెండు దాకా సెలవు అడిగి, తాళంచెవి అప్పగించి ఆమె చెల్లెలి దగ్గరికి పరిగెత్తేది. అది మరిదికి తెలుసు. "కాస్త బయట పనుంది, మీరున్నారుగా వదినా" అని ఆ వేళకే చెప్పులు వేసుకునేవాడు. అంటే ఆమె చెల్లెలి నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తున్న వేళకి వాడు ఈ కిటికీ దగ్గర నిలబడి మందు అందుకున్నాడు. ఆ సీసా ఇంటికి రాలేదు. ఎక్కడికి పోయింది? ఇంకా పదమూడు రోజులు ఆ పిల్ల అరుస్తుంటే, సీసా సంగతి కడుపులో పెట్టుకుని కాళ్ళు ఎలా ఒత్తాడు?

చంపెయ్యాలి అనుకుంది. అనుకున్న మాటకు భయం కూడా వెయ్యలేదు.

అప్పుడు ఆమె చూపు పక్క గళ్ళోకి జరిగింది. ఈ రిజిస్టరులో ప్రతి వరసకూ మందుల గదివాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి. మందు ఇచ్చినవాళ్ళొకరు, పక్కన నిలబడి పేరు, మందు సరిచూసినవాళ్ళొకరు. ఇచ్చింది అప్పటి సీనియర్, పోయినేడాది కాలం చేశాడు. నియమం అలా ఉన్నా, పనిలో జరిగేది వేరుగా ఉండేది. డ్యూటీ దిగేముందు సీనియర్ రిజిస్టరు ముందుకు తోసి, "ఇవాళ్టివి తొమ్మిది వరసలమ్మా, గీకెయ్" అనేవాడు. నిద్రలేని కళ్ళతో పై నుంచి కిందిదాకా గీకేసి, బస్సుకు పరిగెత్తేది ఆ రోజుల్లో పక్కన పనిచేసే మనిషి.

సరిచూసినవారు అన్న గళ్ళో, చెల్లెలి పేరుకు ఎదురుగా ఉన్న సంతకం ఆమెదే.

ఆ మర్నాడు సీనియర్ అడిగిన మాట గుర్తొచ్చింది. "మీ చెల్లికి రాత్రి నిద్రపట్టిందా అమ్మా?" అని. సంతకం పెట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా అని అతను అనుకుని ఉంటాడు. ఈయనకేం తెలుసు మా బాధ అని ఆమె మొహం తిప్పుకుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేసి ఉంటే చాలు. ఒక్క పేరు చదివి ఉంటే చాలు.

రిజిస్టరు తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టి, ఆ వరస మీద వేలు పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మరిది సంతకం చదివాడు. తర్వాత పక్క గళ్ళోది చదివాడు. తలెత్తాడు. ఆయన మొహంలో ఆమె వెతికిన ఎత్తిపొడుపు లేదు. అది ఉన్నా భరించేది.

బల్ల మీద ఫోన్ మోగింది. మరిది.

"వదినా, ఇవాళ పని తొందరగా అయిపోయింది. కాస్త ముందే రమ్మంటారా? ఆకలి దంచేస్తోంది."

రిజిస్టరు ఆయన ఒళ్ళోంచి తీసి, ఆమె తన సంచిలో పెట్టుకుంది.

"రా బాబూ" అంది, ఎప్పటి గొంతుతోనే. "తలుపు తీసే ఉంచుతాను. నువ్వొచ్చేదాకా నేనూ తినను."